ఆ పని నర్సు చేయవచ్చా? మీకు తెలుసా?

ఆసుపత్రిలో పేషెంటు దగ్గర ఎక్కువసేపు ఉండే మనిషి నర్సు. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి చూసి వెళ్తారు. సెలైన్ అయిపోయిందా, జ్వరం దిగిందా, కట్టు తడిసిందా అని రాత్రంతా కనిపెట్టుకుని ఉండేది డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సే. అలాంటి నర్సు ఏ పని సొంతంగా చేయవచ్చు? ఏ పనికి డాక్టరు ఆర్డరు ఉండాలి? ఆర్డరు ఉన్నా చేయకూడనిది ఏది? వీటికి జవాబు దేశానికో రకంగా, ఒక్కోసారి ఆసుపత్రికో రకంగా ఉంటుంది. వందేళ్ల చరిత్ర తిరగేస్తే ఒక సంగతి మాత్రం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. నర్సు పరిధి పెరిగిన చోటల్లా, డాక్టరు వచ్చేదాకా ఆగలేని పేషెంటు ఒకరు కనిపిస్తారు. పెరిగిన పరిధి నిలబడింది మాత్రం శిక్షణ, రాతలో అనుమతి, వెనక నుంచి ఆదుకునే డాక్టరు ఉన్నచోటే.

మన నర్సింగ్ చట్టంలో నర్సు పనుల జాబితా లేదు

మన దేశంలో నర్సింగ్ విద్యకు ఒక జాతీయ ప్రమాణం తెచ్చింది 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం. నర్సు కుట్లు విప్పవచ్చా, నరంలోకి మందు ఎక్కించవచ్చా అని అందులో వెతికితే ఏమీ దొరకదు. చదువు ఎలా ఉండాలి, ఏ అర్హతను గుర్తించాలి, రిజిస్టరు ఎలా నడపాలి అన్నవే అందులోని విషయాలు. పేర్లు నమోదు చేసే పద్ధతి అంతకంటే పాతది. మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం 1926లోనే వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోవే. 2023 ఆగస్టులో పాత చట్టం స్థానంలో తెచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది.

మరి హద్దులు ఎక్కడ ఉన్నాయి? చెదురుమదురుగా చాలాచోట్ల ఉన్నాయి. కొన్ని కోర్సు సిలబస్‌లో, కొన్ని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో, కొన్ని మందుల నిబంధనల్లో, మిగిలినవి ఆసుపత్రి సొంత నియమాల్లో. రాత్రి రెండు గంటలకు వార్డులో ఒక్కతే ఉన్న అమ్మాయి ఇవన్నీ గుర్తు తెచ్చుకుని నిర్ణయం తీసుకోవాలనుకోవడం అన్యాయం. తన వార్డులో తను చేయదగ్గ పనులేవో రాసి ఉన్న పుస్తకం ప్రతి నర్సింగ్ స్టేషన్‌లోనూ చేతికందేలా ఉండాలి. ఇది ఆసుపత్రులు నర్సులకు చేసే దయ కాదు, వాటి బాధ్యత.

సబ్‌సెంటరులో ఏఎన్ఎం ఇచ్చే మందుకు షాపు లైసెన్సు అక్కర్లేదు

మందులు అమ్మాలంటే లైసెన్సు కావాలి. కానీ 1945 నాటి మందుల నిబంధనల్లో షెడ్యూల్ కె అని ఒక మినహాయింపుల పట్టిక ఉంది. ఆరోగ్య ఉపకేంద్రాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటికి చెందిన సిబ్బంది ప్రజలకు మందులు అందించడానికి అందులో వెసులుబాటు ఇచ్చారు. ఐరన్ మాత్రలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకుని ఊరంతా తిరిగే ఏఎన్ఎం వెనక ఇలాంటి చిన్న నిబంధన ఒకటి ఉందని ఆమెకే చాలాసార్లు ఎవరూ చెప్పి ఉండరు.

మొదట్లో చట్టాలు కాపాడింది పనిని కాదు, పేరునే

దేశం మొత్తానికీ వర్తించేలా నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చిన మొదటి దేశం న్యూజిలాండ్. ఆ చట్టం 1901లో వచ్చింది. మరుసటి జనవరిలో ఎలెన్ డౌగర్టీ ప్రపంచంలోనే మొదటి రిజిస్టర్డ్ నర్సు అయ్యారు. అమెరికాలో 1903లో నార్త్ కరోలినా రాష్ట్రం మొదలుపెట్టింది. అయితే అమెరికాలోని ఆ తొలి చట్టాల ప్రకారం రిజిస్టరులో లేనివాళ్లు ఆ బిరుదు పెట్టుకోకూడదు, అంతే. బిరుదు లేకుండా అదే పని ఎవరు చేసినా అడిగేవాళ్లు లేరు. జీతానికి నర్సింగ్ చేయాలంటే లైసెన్సు ఉండి తీరాలన్న చట్టాన్ని న్యూయార్క్ 1938లో చేసింది.

మత్తు ఇచ్చే పని అమెరికాలో నర్సుల చేతుల్లోనూ ఎదిగింది

మనకు ఇది నమ్మశక్యంగా అనిపించదు. అమెరికాలో మేయో సోదరుల ఆసుపత్రిలో ఆలిస్ మగా అనే నర్సు ఈథరును చుక్కలు చుక్కలుగా వేస్తూ మత్తు ఇచ్చేవారు. 14 వేలకు పైగా మత్తుల అనుభవాన్ని 1906లో ఒక వ్యాసంగా ప్రచురించారు. మత్తు కారణంగా అందులో ఒక్క మరణమూ లేదు. పేషెంటుతో మెల్లగా మాట్లాడుతూ, భయం తగ్గిస్తూ, తక్కువ మందుతో నిద్రలోకి పంపడం ఆమె పద్ధతి.

తర్వాత డాక్టర్లలో కొందరు అభ్యంతరం చెప్పారు. మత్తు ఇవ్వడమంటే వైద్యం చేయడమేనని, నర్సుకు ఆ హక్కు లేదని వాదించారు. కెంటకీలో ఈ వివాదం కోర్టుకెక్కింది. సర్జన్ ఆదేశాల కింద, ఆయన సమక్షంలో నర్సు మత్తు ఇస్తే అది వైద్యవృత్తి చేయడం కిందికి రాదని అక్కడి అప్పీలు కోర్టు 1917లో తేల్చింది. 1936లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా డాగ్మార్ నెల్సన్ అనే నర్సు విషయంలో అదే దారిలో నడిచింది. ఇప్పటికీ అమెరికాలో నర్సు అనస్థీటిస్టులు ఒక పెద్ద వృత్తివర్గం.

మన దగ్గర ఆ దారి తెరుచుకోలేదు. మత్తు డాక్టర్ల కొరత తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం ఎంబీబీఎస్ డాక్టర్లకే ప్రాణరక్షణ మత్తు శిక్షణ ఇప్పిస్తోంది. ఒకే పని, ఒకే రకం ప్రమాదం, రెండు దేశాల్లో రెండు గీతలు. గీత ఎక్కడ పడాలన్నది వైద్యశాస్త్రం ఒక్కటే నిర్ణయించదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

సెలైన్ పెట్టడం ఒకప్పుడు డాక్టర్ల పనే

ఈ రోజు ఏ వార్డులోనైనా నరం దొరకకపోతే ముందు పిలిచేది అనుభవమున్న సిస్టర్‌నే. కానీ 1940లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఏడా ప్లమర్ అనే నర్సుకు నరంలోకి ద్రవాలు ఎక్కించే పని అప్పగించినప్పుడు అది కొత్త విషయం. ఈ పనికే ప్రత్యేకించిన తొలి నర్సుల్లో ఆమె ఒకరు.

గుండెకు షాక్ ఇచ్చే అధికారం నర్సుకు ఎందుకు వచ్చింది?

ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి.

1960 నాటికి గుండెపోటు పేషెంట్ల విషయంలో ఒక విషాదం రోజూ జరిగేది. గుండె లయ తప్పి ఆగిపోతే దాన్ని మళ్లీ నడిపించే సాధనాలు అప్పటికే చేతికొచ్చాయి. ఛాతీ పైనుంచే షాక్ ఇచ్చే యంత్రం 1950ల్లో వచ్చింది. ఛాతీని నొక్కి రక్తప్రసరణ కొనసాగించే పద్ధతి 1960లో ప్రచురితమైంది. అయినా వార్డుల్లో మనుషులు చనిపోతూనే ఉన్నారు. నర్సు గమనించి, ఫోన్ చేసి, డాక్టరు మెట్లెక్కి, యంత్రం తెప్పించేసరికి సమయం దాటిపోయేది. గుండె ఆగాక మెదడు తట్టుకునేది నిమిషాలే.

1962లో కాన్సస్ సిటీలో డాక్టర్ హ్యూస్ డే, ఫిలడెల్ఫియాలో డాక్టర్ లారెన్స్ మెల్ట్జర్ గుండెపోటు పేషెంట్లందరినీ ఒక్కచోట చేర్చి, ప్రతి మంచానికీ మానిటరు పెట్టారు. అదే మనం ఇప్పుడు సీసీయూ అనే గది. మానిటర్లు పెట్టినంత మాత్రాన పని జరగదని త్వరలోనే అర్థమైంది. ప్రమాదాన్ని తెర మీద మొదట చూసేది నర్సు. అప్పుడు ఆమె చేయగలిగింది డాక్టరును పిలవడం ఒక్కటే అయితే యంత్రం ఉన్నా లాభం ఏమిటి? ఫిలడెల్ఫియాలో రోజ్ పినియో అనే నర్సు, మెల్ట్జర్‌తో కలిసి నర్సులకు ఈసీజీ చదవడం, ప్రాణాంతకమైన లయను గుర్తుపట్టడం, డాక్టరు రాకముందే షాక్ ఇవ్వడం నేర్పే శిక్షణ తయారు చేశారు.

ఆనాటి వాళ్లకు ఇది ఎంత పెద్ద అడుగో ఊహించండి. లయను గుర్తుపట్టడమంటే రోగ నిర్ధారణ. షాక్ ఇవ్వడమంటే చికిత్స. రెండూ డాక్టర్లవే అనుకున్న పనులు. కానీ రాసిపెట్టిన నియమం ఉంది, పరీక్షించిన శిక్షణ ఉంది, వెంటనే వచ్చి చేరే డాక్టరు ఉన్నారు. ఈ మూడింటి మీద గీత జరిగింది. సీసీయూలు వచ్చాక ఆసుపత్రిలో గుండెపోటు మరణాలు దాదాపు సగానికి తగ్గాయని అప్పటి వైద్యులు నమోదు చేశారు. నర్సింగ్ చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే మలుపు ఇదే.

"చేయవచ్చా, కూడదా" తేల్చడానికి ప్రశ్నల మెట్లు ఉన్నాయి

అమెరికాలో రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి ఇతర నర్సింగ్ సంస్థలతో కలిసి 2016లో ఒక నిర్ణయ పటాన్ని విడుదల చేసింది. పనుల జాబితా ఇవ్వకుండా వరసగా ప్రశ్నలు వేస్తుంది అది. అడ్డు చెప్పే జవాబు ఎక్కడ వస్తే అక్కడ ఆగిపోవాలి. ఆస్ట్రేలియా నర్సింగ్ బోర్డు కూడా ఇలాంటి పటాన్నే వాడుతోంది. మన వార్డులోకి తెచ్చి చూద్దాం. డ్యూటీ డాక్టరు ఫోన్ చేసి "మెడ దగ్గరున్న సెంట్రల్ లైను తీసేయండి సిస్టర్" అన్నారనుకోండి. పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టమే సెంట్రల్ లైను.

మొదటి ప్రశ్న: చట్టం గానీ, కౌన్సిల్ నియమం గానీ దీన్ని వద్దంటున్నాయా? రెండు: వృత్తి ప్రమాణాలు, వైద్య ఆధారాలు దీనికి ఒప్పుకుంటాయా? మూడు: ఈ ఆసుపత్రి నియమాల్లో నర్సు ఈ పని చేయవచ్చని ఉందా? ఇక్కడే చాలామంది ఆగాల్సి వస్తుంది. ఒక ఆసుపత్రిలో రోజూ చేసిన పని, ఉద్యోగం మారాక కొత్తచోట చేయకూడనిది కావచ్చు.

నాలుగు: నాకు ఇందులో శిక్షణ ఉందా, నా నైపుణ్యాన్ని ఎవరైనా చూసి నమోదు చేశారా? పక్కనున్న సీనియర్ చేస్తుంటే చూడడం శిక్షణ కిందికి రాదు. సెంట్రల్ లైను తీయడం పైకి తేలికగా కనిపిస్తుంది. పేషెంటును కూర్చోబెట్టి తీస్తే, ఊపిరి పీల్చుకునే క్షణంలో ఆ రంధ్రం గుండా గాలి రక్తనాళంలోకి పోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమనో వదలమనో చెప్పి, తీశాక గట్టిగా అదిమిపట్టి, గాలి చొరని కట్టు వేయాలి. తీసిన గొట్టం చివర విరగకుండా పూర్తిగా వచ్చిందో లేదో చూడాలి. రక్తం గడ్డకట్టే పరీక్షలు ముందే చూసి ఉండాలి. ఇదంతా తెలిసి, చేసి చూపించిన నర్సుకు ఆ పని తన పరిధిలోదే. తెలియని నర్సుకు, అదే వార్డులో, అదే రోజున, అది తన పరిధిలోది కాదు.

ఐదు: ఏదైనా తేడా వస్తే ఆదుకునే మనుషులు, పరికరాలు ఇక్కడ ఉన్నాయా? ఆరు: ఇంతే చదువు, ఇంతే అనుభవం ఉన్న వివేకవంతురాలైన మరో నర్సు ఈ పరిస్థితిలో ఇదే చేస్తుందా? చివరిది: జరిగేదానికి జవాబుదారు నేనే అని ఒప్పుకోవడానికి సిద్ధమేనా?

"ఏం కాదులే, చేసేయండి" అన్న మాట ఈ మెట్లలో దేనికీ జవాబు కాదు. ఫోన్లో వచ్చిన ఆర్డరును కేస్ షీటులో ఎక్కించి, డాక్టరుతో సంతకం చేయించుకోమని అడగడంలో అవిధేయత ఏమీ లేదు.

డాక్టరు ఆర్డరు అన్నివేళలా కవచం కాదు

టెక్సస్‌లో ఒక చిన్న ఆసుపత్రికి ఛాతీనొప్పితో ఒక మనిషి వచ్చాడు. 24 మైళ్ల దూరంలోని పెద్ద ఆసుపత్రికి పంపేయమని డాక్టరు నర్సుకు చెప్పారు. గుండెకు సంబంధించినదేమోనని అనుమానం కలిగినా, ఆమె నాడి, రక్తపోటు చూడకుండానే స్నేహితుడి కారులో పంపేసింది. దారిలోనే ఆ మనిషి ప్రాణం పోయింది. నర్సింగ్ బోర్డు ఆమె లైసెన్సును ఏడాదిపాటు నిలిపేసింది. డాక్టరు చెప్పినట్టే చేశానని ఆమె కోర్టుకు వెళ్లింది. పేషెంటు పట్ల నర్సుకు సొంత కర్తవ్యం ఉంటుందని, డాక్టరు ఆదేశం గానీ ఆసుపత్రి నియమం గానీ దాన్ని రద్దు చేయలేవని టెక్సస్ అప్పీలు కోర్టు 1983లో చెప్పింది.

చిత్రంగా అదే ఏడాది మిస్సోరీలో నర్సులు గెలిచారు. కుటుంబ నియంత్రణ కేంద్రాల్లో నర్సులు పరీక్షలు చేసి, గర్భనిరోధక మాత్రలు ఇస్తూ, లూపులు వేస్తుంటే అది అనుమతి లేని వైద్యమని మెడికల్ బోర్డు హెచ్చరించింది. ఆ నర్సుల దగ్గర డాక్టర్లు సంతకం చేసిన స్థాయీ ఆదేశాలు, తగిన శిక్షణ ఉన్నాయి. 1975లో శాసనసభ నర్సింగ్ నిర్వచనాన్ని కావాలనే విశాలం చేసిందని, ఈ పనులు దాని కిందికే వస్తాయని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఒక చోట చేయవలసింది చేయకపోవడం తప్పయింది. మరోచోట చేయకూడదన్నది చేయడం ఒప్పయింది.

మన సుప్రీంకోర్టు చూసిన ఒక కేసు

1993 చివర్లో ఢిల్లీలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టైఫాయిడ్‌తో చేరిన చిన్న బాబుకు నర్సు నరంలోకి ఇంజక్షన్ ఇచ్చింది. బాబు అక్కడికక్కడే కుప్పకూలాడు, గుండె ఆగింది, మెదడు శాశ్వతంగా దెబ్బతింది. విచారణలో ఆమెకు నర్సుగా అర్హతే లేదని, ఏ రాష్ట్ర కౌన్సిల్‌లోనూ పేరు లేదని తేలింది. జాతీయ వినియోగదారుల కమిషన్ బాబుకు 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షల రూపాయలు చెల్లించమంది. 1998లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. అర్హత లేని మనిషిని నర్సుగా పెట్టుకున్న ఆసుపత్రే దానికి జవాబు చెప్పాలి.

మన పట్టణాల్లో తెల్లకోటు వేసుకున్న ప్రతివారినీ "సిస్టర్" అని పిలుస్తాం. రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడతాం. ఆ ప్రశ్న ఎవరినీ అవమానించదు. నాలుగేళ్లు చదివి రిజిస్టరైన నర్సులను గౌరవించే ప్రశ్న అది.

కాన్పు గదిలో ఏఎన్ఎం చేతిలోని 10 గ్రాములు

గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే తల్లి, బిడ్డ ఇద్దరికీ గండమే. దీనికి మెగ్నీషియం సల్ఫేటు మందు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణులపై జరిగి 2002లో వెలువడిన మ్యాగ్‌పై పరిశోధనలో, ఈ మందు ఇచ్చినవాళ్లలో ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గింది. ఇంత శక్తిగల మందును ఎవరివ్వాలి? కేంద్ర ఆరోగ్య శాఖ కాన్పు మార్గదర్శకాలు ఫిట్స్ వచ్చిన గర్భిణికి ఏఎన్ఎం మొదటి డోసు ఇవ్వడానికి అనుమతించాయి. ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు ఇచ్చి, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

రెండో డోసు ఆమె పని కాదు. మొదటి డోసు ప్రమాదం తక్కువ, ఆలస్యమైతే నష్టం ఎక్కువ. తర్వాతి డోసులకు ముందు మోకాలి స్పందన ఉందా, ఊపిరి వేగం పడిపోయిందా, మూత్రం సరిపడా వస్తోందా చూడాలి. మందు వికటిస్తే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ చేతిలో ఉండాలి. పాడేరు కొండల్లోనో, ఉట్నూరు గూడేల్లోనో అంబులెన్సు వచ్చేలోపు ఏఎన్ఎం చేతిలో ఆ ఒక్క డోసు ఉండడం ఎంత పెద్ద విషయమో అక్కడి తల్లులను అడగాలి.

2014లో ఇదే తర్కంతో మరో రెండు అనుమతులు వచ్చాయి. 24 నుంచి 34 వారాల మధ్య నెలలు నిండకుండా నొప్పులు మొదలైతే, పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల మొదటి డోసు ఇచ్చి పంపవచ్చు. రెండు నెలల లోపు పసికందుకు రక్తంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తే జెంటామైసిన్ ఇంజక్షన్, నోటిద్వారా అమాక్సిసిలిన్ మొదటి డోసు ఇచ్చి పంపాలి. ఆసుపత్రికి తీసుకెళ్లడం కుదరనప్పుడు, ఇంట్లోవాళ్లు ఒప్పుకోనప్పుడు మాత్రమే ఆ చికిత్సను ఏఎన్ఎం ఏడు రోజులు కొనసాగించవచ్చు. అనుమతితో పాటు షరతును కూడా ఇంత వివరంగా రాయడం ఈ మార్గదర్శకాల్లో నాకు నచ్చిన గుణం.

గర్భస్రావం విషయంలో గీత జరగలేదు. 1971 చట్టం రిజిస్టరైన డాక్టరుకే ఆ అధికారం ఇచ్చింది. 2014 ముసాయిదాలో నర్సులు, ఏఎన్ఎంలను చేర్చాలని ప్రతిపాదించారు. 2021 సవరణలో అది లేదు.

ముక్కులో ఎంత లోపలికి?

కెనడాలోని ఒంటారియోలో 1991 చట్టం కొన్ని పనులను "నియంత్రిత చర్యలు" అంది. శరీరంలోకి పరికరం పెట్టడం వాటిలో ఒకటి. ఎక్కడి నుంచి లెక్క? చెవి బయటి నాళం దాటితే, ముక్కు రంధ్రం సహజంగా సన్నబడే చోటు దాటితే, స్వరపేటిక దాటితే అని చట్టంలోనే రాశారు. నర్సులకు అనుమతించిన చర్యల్లో ఇదీ ఉంది. హద్దును అంగుళాల దాకా చెప్పే చట్టం కూడా ఉంటుందన్నమాట.

బ్రిటన్‌లో నర్సు మందుల చీటీ రాస్తుంది

ఇళ్లకు వెళ్లి పుండ్లకు కట్లు కట్టే నర్సులు ఒక్క కట్టు సామాను కోసం డాక్టరు సంతకానికి ఎదురుచూస్తున్నారని 1986లో జూలియా కంబర్లెజ్ నివేదిక ఎత్తిచూపింది. 1992లో చట్టం వచ్చింది. 2006 మే నుంచి ప్రత్యేక అర్హత ఉన్న నర్సులు తమ నైపుణ్యం మేరకు దాదాపు అన్ని మందులూ రాయవచ్చు. 2012లో నియంత్రిత మాదక ఔషధాలు చాలామటుకు చేరాయి. ఈ అర్హత రిజిస్టరులో వి300 అనే గుర్తుతో కనిపిస్తుంది. హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో వెళ్లిన మన నర్సుకు ఎంత అనుభవమున్నా, అక్కడ ఆ కోర్సు చేస్తేనే చీటీ రాయగలదు.

దక్షిణాఫ్రికా మరో దారిలో వెళ్లింది. ఎయిడ్స్ మందులు అందాల్సినవాళ్లు లక్షల్లో ఉన్నారు, డాక్టర్లు చాలరు. 2010 నుంచి శిక్షణ పొందిన నర్సులే ఆ మందుల చికిత్స (ఏఆర్‌టీ) మొదలుపెట్టేలా విధానం మార్చారు. అదే ఏడాది ప్రచురితమైన ఒక అధ్యయనంలో 812 మంది పేషెంట్లను నర్సులు, డాక్టర్లు విడివిడిగా చూసుకున్నారు. నర్సుల పర్యవేక్షణ ఏమాత్రం తీసిపోలేదని తేలింది.

నర్సు మాత్రమే చేయాల్సిన పనులు

ఇంతవరకు నర్సుకు ఏది అనుమతి అన్నదే చూశాం. జర్మనీ తిరగేసి అడిగింది. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన నర్సింగ్ వృత్తి చట్టంలోని 4వ సెక్షన్ కొన్ని పనులను నర్సులకే కేటాయించింది. పేషెంటుకు ఏ సేవ ఎంత అవసరమో అంచనా వేయడం, ఆ సేవా ప్రక్రియను నడిపించడం, దాని నాణ్యతను బేరీజు వేయడం. యజమాని ఈ పనులను వేరేవాళ్లకు అప్పగించకూడదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్లే నర్సులకు అక్కడ మరో కొత్తదనం ఎదురవుతుంది. ఇక్కడ ఆయాలో, ఇంటివాళ్లో చేసే స్నానం, తిండి తినిపించడం అక్కడ నర్సింగ్‌లో భాగం.

మన సర్కారు ఆసుపత్రుల్లో ఎంఎన్ఓలు, ఎఫ్ఎన్ఓలు (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు), ఆయాలు నర్సులకు చేదోడు. అమెరికా మార్గదర్శకాలు పని అప్పగించడానికి ఐదు సరిచూపులు చెబుతాయి: సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ. నర్సు తీర్పును మాత్రం ఎవరికీ అప్పగించకూడదు. బీపీ ఎంతో చూడమని చెప్పవచ్చు. ఆ అంకె చూసి ఏం చేయాలో తేల్చాల్సింది నర్సే.

ఫోన్లో పేషెంటు ఎక్కడ ఉంటే అక్కడి చట్టమే

టెక్సస్‌లోని డాలస్‌లో పనిచేసే తెలుగు నర్సు ఫోన్లో కాలిఫోర్నియా పేషెంటుకు సలహా ఇవ్వాలంటే కాలిఫోర్నియా లైసెన్సు కావాలి. ఒక లైసెన్సుతో చాలా రాష్ట్రాల్లో పనిచేసే ఒప్పందంలో టెక్సస్ ఉంది, కాలిఫోర్నియా లేదు. మన దగ్గర ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని ద్వారా గ్రామ కేంద్రం నుంచి డాక్టరును కలిపే పద్ధతిని 2019 నవంబరులో మొదట అమలు చేసింది ఆంధ్రప్రదేశ్. బీఎస్సీ లేదా జీఎన్ఎం చదివి సామాజిక ఆరోగ్యంలో అదనపు శిక్షణ పొందిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు ఇవతల కూర్చుంటారు. బీపీ, షుగరు మందులు మొదలుపెట్టేది డాక్టరు. నెలనెలా అందించి, గమనించి, తేడా వస్తే చెప్పేది ఆమె.

తెలంగాణలో కాన్పు చేసే నర్సులు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. సహజ కాన్పుకు ఓపికగా పక్కనుండే మనిషి కావాలి. హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు 18 నెలల కోర్సు మొదలైంది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఈ శిక్షణ పొందిన నర్సు సాధారణ కాన్పును తన బాధ్యత మీదే చూసుకోవచ్చు. గర్భిణిని నడవనివ్వడం, నచ్చిన భంగిమలో కననివ్వడం, అనవసరంగా కోత పెట్టకపోవడం ఆమె నేర్చుకున్న పద్ధతులు. సిజేరియన్ ఆమె పని కాదు. రక్తస్రావం, బిడ్డ గుండె వేగం తగ్గడం, బీపీ పెరగడం లాంటివి ముందుగా గుర్తుపట్టి డాక్టరుకు అప్పగించడం ఆమెకు రాసిపెట్టిన పనుల్లో ఒకటి. అందుకే మార్గదర్శకాలు ఈ మిడ్‌వైఫరీ యూనిట్లను కాన్పులు ఎక్కువగా జరిగే ఆసుపత్రుల్లోనే, ప్రసూతి డాక్టర్ల విభాగం పక్కనే పెట్టమన్నాయి. అవసరమైతే ఆ తల్లిని ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్లడానికి అంబులెన్సు కోసం చూడాల్సిన పని లేదు.